స్ప్రింగులు మార్చిన బండిని విడిపించుట గురించి

రిజిస్ట్రేషన్ అధికారి గారి సముఖమునకు, అబిడ్స్ చిరాగ్ అలీ లేన్ నివాసి, విశ్రాంత సీనియర్ అసిస్టెంటు వామన్‌రావు (69) విన్నవించుకొను మనవి.

అయ్యా,

విషయం: స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు మార్పించిన నేరానికి తమ యార్డులో నిలిపిన నా కారును విడుదల చేయుట గురించి. ఇదివరకటి మూడు అర్జీలకు జవాబు రానందున నాలుగవది.

1. నా భార్య విమలకు వెన్నుపూసలో గడ్డ ఉన్నందున లక్డీకాపూల్ వైపు ఒక దవాఖానలో రేడియేషన్ జరుగుచుండెను. మొత్తం ముప్పై సిట్టింగులు, ఆదివారం మినహా రోజూ. మధ్యలో ఆపకూడదని డాక్టరు గారు ఎర్ర సిరాతో రాసిచ్చినారు. జిరాక్సు జతపరచడమైనది.

2. మా ఇంటి నుంచి నాంపల్లి మీదుగా దవాఖాన ఎంతో దూరం లేదు. కానీ మా కారు పదిహేనేళ్ళ నాటిది. గుంతలో పడితే ఎగిరేది, మలుపు తిరిగితే పడవలా ఒక పక్కకు ఒరిగేది. ఒరిగినప్పుడల్లా విమల నడుము మెలిపడేది. రైలు స్టేషన్ దగ్గర మలుపు వస్తుందంటే ముందుగానే కొంగు నోట్లో కుక్కుకునేది. సదరు బాధ చూడలేక నాంపల్లి మెకానిక్ భూమయ్య చేత కొత్త స్ప్రింగులు, మేలురకం షాక్ అబ్జార్బర్లు వేయించాను. బండి పక్కకు ఒరగకుండా పట్టి ఉంచే కడ్డీ కూడా బిగించాడు. మర్నాడు దవాఖాన గేటు ముందు ఆపితే విమల, "అప్పుడే వచ్చినమా? మలుపు ఎప్పుడు తిప్పినవ్? నాకైతే తెల్వనే లేదు" అన్నది. ఏడాదిలో ఆమె ముఖాన నవ్వు చూడడం అదే మొదలు. వరుసగా తొమ్మిది సిట్టింగులకు అలాగే వెళ్ళి వచ్చాము.

3. పదో రోజున నా బుద్ధి గడ్డి తిన్నది. నేను ముప్పై నాలుగేళ్ళు, వచ్చిన కాగితాలు నమోదు చేసే ఇన్‌వార్డు సెక్షన్‌లో పనిచేసినవాణ్ణి. ఫ్యాను రెక్క వంగినా పైవారికి కాగితం పెట్టినవాణ్ణి. బండిలో మార్పు జరిగింది కనుక ఆఫీసుకు తెలియపరచడం ధర్మమని తలచి, నేనే, నా చేత్తోనే, "తమ సమాచార నిమిత్తం" అని రాసి, తమ కార్యాలయంలో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుని మరీ వచ్చాను. ఎవరూ అడగలేదు. ఎవరూ పట్టుకోలేదు. సంగతి చెబితే భూమయ్య నెత్తి కొట్టుకున్నాడు. "ఏంది సార్ గిది? బండి కిందికి వంగి ఎవడు చూస్తడు? శహర్ల ఎన్ని బండ్లు గిట్ల తిరుగుతలేవు? ఒక్కడన్న కాగితం రాసిండా?"

4. నాలుగో రోజే నోటీసు వచ్చింది. నా సర్వీసులో అంత తొందరగా కదిలిన కాగితాన్ని నేను చూడలేదు. ముందస్తు అనుమతి లేనందున బండిని హాజరుపరచమన్నారు. హాజరుపరిచాను. తాళంచెవి కూడా నేనే అందించాను. పాత సామాను తిరిగి బిగించి చూపితే వదులుతామన్నారు. పాత సామాను భూమయ్య తుక్కులో వేశాడు, ఆ మోడలుకు కొత్తది రావడం లేదు. ఒకవేళ దొరికినా, బిగించాలంటే బండి భూమయ్య షెడ్డుకు రావాలి. బిగించనిదే బండి యార్డు దాటరాదు! ఇదెట్లా తల్లీ అని తమ కౌంటరులోని స్నేహలత గారిని అడిగితే, పాపం మంచి పిల్లే, "నాకు భీ సమజైతలేదు అంకుల్. ఇంకో అర్జీ పెట్టుండ్రి. ఎంక్వైరీకి ఇంటికొస్తరు, అప్పుడు చెప్పుండ్రి" అన్నది. అర్జీకి నేను వెనుదీసేవాణ్ణి కాను కనుక పెట్టుకొనుచున్నాను.

5. ఆటోలో ఒకసారి తీసుకుపోయాను. స్టేషన్ దాటకముందే విమల పెట్టిన కేకకు ఆటో అతను పక్కకు ఆపి, "వద్దు పెద్దాయనా, అమ్మ పానం పోతది. వాపస్ తోల్త, కిరాయి ఏం వద్దు" అన్నాడు. అంబులెన్సులో పడుకోబెడితే ఎగురుడు ఇంకా ఎక్కువ. పద్దెనిమిది సిట్టింగులు అయినవి, పన్నెండు మిగిలినవి. ఇరవై మూడు రోజులుగా ఆమె మంచం మీద ఉన్నది, బండి తమ యార్డులో ఉన్నది.

ఇక పేరాలకు అంకెలు వేసే ఓపిక నాకు లేదు. చట్టప్రకారం తప్పు నాదే. జరిమానా వేయండి, లైసెన్సు రద్దు చేయండి, తర్వాత ఆ బండిని తుక్కు చేసుకోండి. పన్నెండు సిట్టింగులకు మాత్రం ఇవ్వండి. అవి ముగిసిన మర్నాడు నేనే తెచ్చి అప్పగిస్తాను. నా మాట నమ్మవచ్చు, అడగకుండానే నన్ను నేను అప్పజెప్పుకున్న మనిషిని.

తమరు సంతకం పెట్టే ముందు కాకపోతే పెట్టిన తర్వాతనైనా ఈ నాలుగు ముక్కలు చిత్తగించవలెను.

తమ విధేయుడు (అలవాటు పోలేదు),
వామన్‌రావు

తా.క. అర్జీ కవరులో పెడుతుండగా దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. మధ్యలో గ్యాప్ చాలా అయింది, మిగతావి ఇచ్చి లాభం లేదు, నొప్పికి మాత్రలు రాస్తాం, పేషెంటును తేనవసరం లేదు, మీరొక్కరే రండి అన్నారు. కావున పైన కోరినది ఉపసంహరించుకుంటున్నాను. బండి అక్కడే ఉండనివ్వండి.

అయినా ఈ కాగితం ఇస్తున్నది ఒక్క విన్నపం కోసం. ఎంక్వైరీకి మా ఇంటికి ఎవరొచ్చినా, నేను రాసిన ఆ మొదటి ఉత్తరం సంగతి విమల ముందు ఎత్తకండి సార్, మీకు దండం పెడతాను. రోడ్డు మీద మీవాళ్ళే పట్టుకున్నారని చెప్పాను. పొద్దున లేస్తే "బండి పట్టుకున్నోని చేతులిరగ" అని తిడుతున్నది. నేను పక్కన కూర్చుని ఔ అంటున్నాను.