అండాలును బస్సెక్కించలేదు

దిల్‌సుఖ్‌నగర్,
ఆగస్టు 1989

చిరంజీవి దశరథకు నీ నాయిన బక్కయ్య దీవించి రాసేది. ఇక్కడ మీ అమ్మ, నీ భార్య అండాలు, నేను బాగానే ఉన్నాం. బెజవాడలో నీకూ తిండి, నిద్ర సరిగా ఉన్నాయని తలుస్తాను. నా రాత కోడి గీకినట్టు ఉంటుంది. అయినా ఈ ఉత్తరం ఎవరి చేతా రాయించలేదు. నువ్వూ ఒక్కడివే కూర్చుని చదువు.

నువ్వు అడిగినవి చెబుతాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. ఇంటి వెనుక ద్రాక్షతోట కొట్టేసి ప్లాట్ల రాళ్లు పాతారు. అక్కడ కట్టే ఇళ్లకే ఇసుక తోలుతున్నాను. కలకత్తా లైను లారీ ఎందుకు మానేశానని అడిగావు. నడుము నొప్పి అని మీ అమ్మకు చెప్పాను. అది అబద్ధం.

నిద్ర రాకుండా మనం వేసుకునే గోలీలు మానడానికి లైను వదిలాను. చంపాపేట రోడ్డులో త్రినాథరావు అని, ఆంధ్ర నుంచి వచ్చిన డాక్టరు, ప్రతి గురువారం లారీ డ్రైవర్లను కూర్చోబెడతాడు. మందు ఇవ్వడు, సూది వేయడు. మూత్రం పరీక్ష చేస్తాడు. గోలీ వేసుకోలేదని తేలితే స్టీలు బిందెలో చెయ్యి పెట్టి చీటీ తీయమంటాడు. ఒకసారి సబ్బు వస్తుంది, ఒకసారి గ్లాసు, ఒక్కోసారి ఉత్త శభాష్. ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టినవాణ్ణి, మొదటి వారమే కోపం వచ్చి లేచాను.

"నేనేమన్న బడికి పోయే పోరగాణ్ణా సారూ?" అన్నాను.

"కోపమొస్తే వెళ్లండి పెద్దాయనా. వచ్చే గురువారం మాత్రం రండి" అన్నాడు.

పోయాను. మూడో వారం గోలీ మింగి పోయి దొరికిపోయాను. బిందె నన్ను దాటి పక్కవాడి దగ్గరకు పోయింది. అందరి ముందు తల ఎత్తలేకపోయాను. ఆ తర్వాత ఇప్పటికి పదకొండు వారాలైంది, మళ్లీ ముట్టలేదు. గోలీ మీదికి మనసు ఎప్పుడు పోతుందో, అప్పుడు ఏం చేయాలో మా నోటితోనే చెప్పిస్తాడు. లారీ పక్కకు ఆపి పండుకుంటే కొంప మునగదని ఈ వయసులో తెలిసింది.

గోలీతో నిద్ర ఒక్కటే పోదు, భయం, సిగ్గు కూడా పోతాయి. దాబాల వెనుక ఆడవాళ్ల దగ్గరకు అట్లాగే పోతాం, జాగ్రత్త పడం. ఎయిడ్స్ అనే కొత్త జబ్బు అట్లా అంటుతుందట. నేనూ పోయినవాణ్ణే. డాక్టరు నాకు రక్తం పరీక్ష చేయించాడు. ఏమీ లేదని కాగితం వచ్చింది. తోటి డ్రైవర్లు సంతోషపడ్డారు. నాకు నువ్వు గుర్తొచ్చావు.

నువ్వు మొదటిసారి లారీ తీసిన రోజు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించి కొబ్బరికాయ కొట్టాను. కొబ్బరి ముక్కతో పాటు నీ చేతిలో గోలీ పెట్టాను.

"గిదేంది నాయినా?" అన్నావు.

"ఉస్తాద్ చేతిది వద్దనొద్దు. కండ్లకద్దుకొని మింగు" అన్నాను.

ప్రసాదంలాగా మింగావు. నాకు లారీ నేర్పిన ఉస్తాద్ కూడా అట్లాగే ఇచ్చాడు, అది మన పనిలో ఆచారం అనుకున్నాను. తర్వాత నువ్వు దాబా వెనక్కి పోతుంటే చూసి, మొగోడివయ్యావని నలుగురిలో నవ్వాను. నీకు పెళ్లయ్యాక కూడా వద్దని ఒక్క మాట అనలేదు.

కిరాయికి గది దొరికింది, అండాలును ఆదివారం బస్సెక్కించమని రాశావు. ఎక్కించలేదు. ఆ పిల్ల బట్టలు సర్దుకుని పెట్టె పక్కనే కూర్చుంది.

"నేనేం తప్పు జేసిన మామా? ఎందుకు పంపుతలేవు?" అని అడిగింది.

బస్సులు బంద్ అన్నాను. బెజవాడ బస్సులు మన రోడ్డు మీదనే పోతున్నాయని ఆ పిల్లకు తెలుసు. నా ముఖం చూసి పెట్టె మంచం కిందికి తోసింది. పెళ్లయ్యాక పది రోజులు కలిసి ఉన్నారు గనుక ఆమెకూ పరీక్ష చేయాలని డాక్టరు అంటున్నాడు. ఆ మాట ఏ నోటితో చెప్పను?

వచ్చే గురువారం నువ్వే ఇక్కడికి, డాక్టరు దగ్గరకు రా. పరీక్ష కాగితం వచ్చేదాకా ఆమె పక్క చేరకు. తండ్రి కొడుక్కు రాయకూడని మాట, తెలుసు. గోలీ ఎవరు అలవాటు చేశారని డాక్టరు అడిగితే నువ్వు నోరు తెరవక్కరలేదు, నేనే లేచి చెబుతాను. ఇన్నేళ్లూ నీకు హుకుం వేశాను. ఇది హుకుం కాదు, బతిమాలుతున్నాను.

నువ్వు రాకపోతే శుక్రవారం అండాలును కూర్చోబెట్టి అంతా చెబుతాను. ఆ తర్వాత నీ దగ్గరకే వస్తానంటుందో, పుట్టింటికి పోతానంటుందో, ఆమె ఇష్టం. ఆమెకు మాత్రం ఇంకో అబద్ధం చెప్పలేను.

ఇట్లు,
ఉస్తాద్‌నని చెప్పుకునే ముఖం లేని
నీ నాయిన
బక్కయ్య