సమాధి దగ్గర అన్న మాట

కార్మిక శాఖ అధికారి గారికి, చర్చి పాస్టరు నమస్కరించి రాస్తున్నది.

డ్రైనేజీ గుంతలో ఊపిరాడక చనిపోయిన కార్మికుడి సమాధి దగ్గర "ఇది దేవుని చిత్తం" అన్నది నేనే. ఎవరు పోయినా ఓదార్పుకి అనే మాటే అది. ఆ పని చేయించిన కాంట్రాక్టరు మా సంఘ పెద్ద. మీకిచ్చిన సంజాయిషీలో ఆయన నా మాటనే రాశారట.

"మాస్కు లేకుండా దిగమన్నది దేవుడా, అయ్యగారూ?" అని చనిపోయినతని భార్య అడిగింది.

ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇంకొకటి కూడా రాసుకోండి. కాంట్రాక్టరు సామాను మా చర్చి గదిలోనే ఉంటుంది. మాస్కుల పెట్టె ఇంకా విప్పకుండా అక్కడే ఉంది. తాళంచెవి నాది. ఆ రోజు పొద్దున ఆ కార్మికుడు వచ్చి ఒక్క మాస్కు అడిగాడు.

"పెద్దగారిని అడిగి ఇస్తాలే, నాయనా" అన్నాను.