రబ్బరుతో చెరిపిన రాతలు

ఆదివారం, రాత్రి

కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ముప్పయ్యేళ్ళ తర్వాత మళ్ళీ కామిక్స్ పోగెయ్యడం మొదలెట్టి, ఇవాళ ఎంత పని చేశాను!

పొద్దున్న నెల్లిమర్లలో నర్సమ్మగారు పన్నెండు కామిక్స్ ఇచ్చారు. జూట్ మిల్లులో పనిచేసిన వాళ్ళాయనవి. ఆయన పోయి ఏడాదయింది. "సెదలు పట్టకముందే తీసుకుపో బాబూ. నువ్వయితే బాగా సూసుకుంటావు" అన్నారు.

బాగానే చూసుకున్నాను. ఇంటికొచ్చి పొడిగుడ్డతో దుమ్ము తుడిచాను. తుప్పుపట్టిన పిన్నులు తీశాను. చివరి పేజీల్లో పెన్సిల్ రాతలుంటే, పుస్తకం కొత్తదానిలా ఉండాలని చదవకుండానే రబ్బరుతో చెరిపేశాను. ఒక్కోదానికీ వెనక అట్టముక్క పెట్టి ప్లాస్టిక్ కవర్లో దూర్చాను. పదకొండు పుస్తకాలు అయ్యాక ఆవిడ ఫోన్ చేశారు.

"బాబూ, మా ఆయన నాకు కతంతా సదివి వినిపించి, సివరి పేజీలో ఏటో రాసుకునీవోడు. ఏటని అడిగితే సెప్పీవోడు కాదు. నాకు సదువు రాదు కదా. ఒకపాలి సదివి సెప్పవా?"

చేతిలోని రబ్బరు పక్కన పెట్టాను. మిగిలిన ఒక్కటీ తెరిచి చదివాను. "కోతి చెట్టు మీంచి పడితే నర్సమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది."

ఆవిడ మళ్ళీ ఒకసారి చదివించుకున్నారు. తర్వాత, "మిగతాయి?" అన్నారు.

"రేపు వచ్చి చదువుతానమ్మా" అనేశాను. ఎందుకన్నాను?

అప్పట్నుంచీ ఒక్కో పుస్తకం కవర్లోంచి తీసి, టార్చి వెలుగులో ఏటవాలుగా పట్టి చూస్తున్నాను. ఒకదాంట్లో పెన్సిల్ నొక్కిన గుర్తు మిగిలింది. "నవ్వింది" అన్న మాటొక్కటే తెలుస్తోంది. దేనికి నవ్విందో తెలియడం లేదు.