ఆరు గంటల ఆకలి

1968 జనవరి 8, సోమవారం

నూట డెబ్భై ఎనిమిది పౌండ్లు. హెల్త్ సెంటర్లో డాక్టర్ కాత్యాయని నన్ను రెండుసార్లు తూకం మీద నిలబెట్టింది. బి.పి. కూడా ఎక్కువే. ముప్ఫై పౌండ్లు తగ్గాలండీ, లేకపోతే మీ గుండెకు నేను పూచీ పడలేను అంది. మా అమ్మాయి ఎస్తేరు బతికి ఉంటే ఇప్పుడు ఆ డాక్టరు వయసే.

పొద్దున నాకు ఇబ్బంది లేదు. మధ్యాహ్నం కూడా లేదు. నా శత్రువు సాయంత్రం ఆరు. లెక్కల టీచరుగా రిటైరయ్యాక ఇక్కడ కాలేజీ లేడీస్ హాస్టల్ మెస్సు సూపర్వైజరుగా చేరాను. పగలంతా నిలువుకాళ్ళ మీద ఉండి, తార్నాకలో ఇంటి తాళం తీసేసరికి ఒళ్ళు తెలియని అలసట. దాని వెంటే ఆకలి. చెయ్యి జంతికల డబ్బా మీదికి దానంతటదే వెళుతుంది. డబ్బా సగమయ్యాక గాని మూత తీసిన సంగతి నాకు తెలియదు.

తగ్గాలి. నా కోసం కాదు. నిన్న లాలాగూడ నుంచి అల్లుడు రత్నకుమార్ వచ్చాడు. మీకు ఓపిక లేకపోతే మొహమాటపడకండి అత్తయ్యగారూ, ప్రమీలను తీసుకుపోతాను, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఆవిడకూ సాయంగా ఉంటుంది అన్నాడు. ఆవిడ అంటే రెండో భార్య. తీసుకుపోతే నా మనవరాలు ప్రమీల బి.ఎస్సీ. మొదటి సంవత్సరంతో సరి. రైల్వే క్వార్టర్లో కూర్చుని ఉయ్యాల ఊపుతుంది. దాన్ని చదివిస్తానని దాని తల్లి పోయేముందు మంచం పక్కన మాట ఇచ్చాను. డిగ్రీ చేతికి రావడానికి ఇంకా రెండేళ్ళ పైన పడుతుంది. అన్నాళ్ళూ ఈ గుండె కొట్టుకోవాలి.

జనవరి 10

మరమరాలు, ఉల్లిపాయ, నిమ్మరసం. గాలి నమిలినట్టుంది. గంట తరవాత జంతికలు.

జనవరి 13, శనివారం

కీరా దోసకాయ. చక్రాలుగా తరిగి, మిరియాల పొడి చల్లుకుని, బల్ల దగ్గర కూర్చున్నాను. ప్రమీల పుస్తకం మీంచి చూసి, అమ్మమ్మా, దోసకాయ హోంవర్క్ చెయ్యకుండా వచ్చిందా, అలా చూస్తున్నావు అంది. నవ్వు రాలేదు. కడుపులో నీళ్ళు కదిలాయి, అంతే. రాత్రి అన్నం మామూలు కంటే ఎక్కువ తిన్నాను. ఇది దోసకాయ తప్పు కాదు.

జనవరి 18

జామకాయ. నాలుగు ముక్కలకే దవడలు నొప్పి. అలిసిపోయిన మనిషికి నమిలే పని చెప్పకూడదు. క్యారెట్ తురిమి చూశాను. అది కుందేళ్ళకు.

జనవరి 20

బేకరీ దాటి రాలేకపోయాను.

జనవరి 21, ఆదివారం

చర్చిలో నిలబడి పాడుతుంటే నిన్నటి బిస్కెట్లే జ్ఞాపకం. ఇంతమంది ఆడపిల్లలకు క్రమశిక్షణ నేర్పాను. చేతి మీద బెత్తంతో కొట్టాను కూడా. నా చెయ్యి మాత్రం నా మాట వినదు. ప్రార్థనలో కూర్చుని ఏడ్చాను. పక్కనున్నావిడ ఎస్తేరు కోసం అనుకుని నా భుజం మీద చెయ్యి వేసింది. నేను ఏడ్చింది బేకరీ గురించి. ఎంత సిగ్గు.

జనవరి 22, సోమవారం

ఈరోజు హాస్టల్లో మిరపకాయ బజ్జీలు. ప్రతి వాయి నుంచీ ఒకటి రుచి చూడడం నా డ్యూటీ. ఉప్పు తగ్గితే చెప్పాలి, లోపల పచ్చిగా ఉంటే తిప్పి పంపాలి. ఈరోజు ప్రతి దాన్నీ కొస కొరికి పక్కన పెట్టాను. వంటమనిషి బుచ్చిరాములు చూసి, ఏంది టీచరమ్మా, ఎలుక కొరికినట్ల కొరికి పెడ్తున్నరు, నా బజ్జీలు గంత పాపం ఏం జేసినయి అన్నాడు. సంగతి చెప్పాల్సి వచ్చింది. అయితె రేపటి సంది గుడాలు పెడ్త అన్నాడు. నాకు అర్థం కాలేదు. బొబ్బర్లు ఉడకేసుడే అన్నాడు. మా గుంటూరు వైపు గుగ్గిళ్ళు అంటాం, గుర్రాలకు పెడతాం అన్నాను. వెంటనే, మరి గుర్రం ఏమన్న లావున్నదా టీచరమ్మా అన్నాడు.

గిన్నెలు తోమే సాలమ్మ వినేసింది. రేపటికి హాస్టలంతా తెలుస్తుంది.

జనవరి 23

బొబ్బర్లు మెత్తగా ఉడికించి, చుక్క నూనెలో ఆవాలు, ఎండుమిరపకాయ వేసి తాలింపు, పైన పచ్చి ఉల్లిపాయ, నిమ్మకాయ. పక్కన పలచని మజ్జిగ. మెస్సు వెనక అరుగు మీద కూర్చుని ఐదున్నరకు తిన్నాను. నిలబడి కాదు. కూర్చుని, చెంచాతో, నెమ్మదిగా.

ఇంటికి వచ్చాను. ఆరయింది. ఆకలి వచ్చింది గాని గుమ్మంలోనే నిలబడి వెళ్ళిపోయింది. డబ్బా ముట్టుకోలేదు. ఇన్ని రోజుల్లో మొదటిసారి.

ఫిబ్రవరి 3, శనివారం

నూట డెబ్భై నాలుగు. డాక్టరు వెరీ గుడ్ అంది. ఒకరోజు బొబ్బర్లు, ఒకరోజు శనగలు, ఒకరోజు పెసలు. బుచ్చిరాములు నాకు పళ్ళెం అందిస్తూ గుర్రానికి దాణా తయార్ అంటాడు. మందలించాను. రేపు మళ్ళీ అంటాడు.

ఫిబ్రవరి 17

నూట అరవై తొమ్మిది. అలసట మాత్రం తగ్గలేదు. ఒళ్ళు తేలికయితే కాళ్ళు లాగవనుకున్నాను. లాగుతున్నాయి. వయసు.

మార్చి 3, ఆదివారం

ఈస్టరు ముందు నలభై రోజుల శ్రమకాలం మొదలైంది గదా. చర్చి స్త్రీల సమాజంలో పాస్టరు అయ్యగారి భార్య విజయకుమారి అందరి ముందూ నన్ను నిలబెట్టింది. మన టీచరమ్మగారిని చూడండి, ఉపవాసమంటే అలా ఉండాలి, దేహాన్ని ఎలా నలగగొట్టుకున్నారో అంది. నేను ఉపవాసం ఉండడం లేదు, సాయంత్రం శనగలు తింటున్నాను, ఇది డాక్టరు చెప్పిన డైటింగు అన్నాను. అందరూ నవ్వారు. ఆ వినయం చూశారా అంది. ఇక ఏం చెప్పినా వినయమే అవుతుందని కూర్చున్నాను.

బయటికి వచ్చాక, ఆ పొగడ్త నాకు నచ్చిందని గమనించాను.

మార్చి 16, శనివారం

ఈ వారం హాస్టల్ డే. మూడు రోజులు నేను పూర్తిగా చెడిపోయాను. లడ్డూలు రుచి చూశాను, రుచి చూశాక తిన్నాను. బుధవారం బిర్యానీ. గురువారం బజ్జీలు, కొస కొరకడం కాదు, నిండుగా. తప్పు ఒప్పుకోవడానికి సిద్ధపడే తూకం ఎక్కాను.

నూట అరవై. ఒక్క వారంలో నాలుగు పౌండ్లు తగ్గాను.

డాక్టర్ కాత్యాయని లీవులో ఉంది. నర్సు చప్పట్లు కొట్టింది. నేను నవ్వలేదు. క్లాసులో ఏడాదికొకసారైనా చెప్పేదాన్ని: లెక్క మనకు లాభంగా తప్పినా తప్పే, మొదటినుంచి చెయ్యండి అని.

మార్చి 17, ఆదివారం

హెల్త్ సెంటర్ తూకం పాడయిందేమో అనుకున్నాను. చర్చి నుంచి అటే సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్ళి, ప్లాట్‌ఫారం మీద మెషిన్ ఎక్కి నాణెం వేశాను. కిలోల్లో వచ్చింది. అక్కడే నిలబడి పౌండ్లలోకి మార్చాను. అదే బరువు. తూకంలో తప్పు లేదు.

టికెట్ వెనక జాతకం. మీ ఓర్పుకు త్వరలో ఫలితం లభించును అని ఇంగ్లీషులో అచ్చయి ఉంది. నేను జాతకాలు నమ్మను. చించి పారేశాను.

మార్చి 27

శనగలు సగం వదిలేశాను. బుచ్చిరాములు పళ్ళెం తీసుకోకుండా, ఉప్పెక్కువయిందా టీచరమ్మా అన్నాడు. లేదన్నాను. మరి గుర్రం దాణ ఇడిసిపెట్టిందంటే మంచిగ లేదన్నట్టే గద అన్నాడు. ఈసారి నవ్వుతూ అనలేదు. నేనే గట్టిగా, నీ పని చూసుకో అన్నాను.

ఏప్రిల్ 12, మంచి శుక్రవారం

సిలువ మీది ఏడు మాటల ఆరాధన. మూడు గంటలు కూర్చోలేక రెండో మాటకే బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ప్రమీల వెనకే వచ్చింది. నా చేతిని తన ఒళ్ళో పెట్టుకుని గాజును మోచేతి దాకా జరిపింది. మళ్ళీ మణికట్టు దాకా తెచ్చింది. మళ్ళీ పైకి. పరీక్షలు దగ్గర పడ్డాయి, చదువుకో అన్నాను. నువ్వు రేపు డాక్టర్ దగ్గరికి వెళ్తేనే చదువుతాను అంది. నా గొంతుతోనే అంది. ఆ కాఠిన్యం నా దగ్గరే నేర్చుకుంది.

ఏప్రిల్ 13

నూట యాభై ఒకటి. డాక్టర్ కాత్యాయని సంతోషించలేదు. తూకం వైపు కూడా చూడలేదు. పడుకోబెట్టి కడుపు మీద చాలాసేపు చెయ్యి పెట్టింది. ఒక చోట నొక్కి, నొప్పిగా ఉందా అంది. ఉంది. ఎప్పటినుంచి అంది. జనవరి నుంచి అలసటే అనుకున్నానన్నాను.

సిటీలో పెద్దాసుపత్రికి రాసిచ్చింది.

ఏప్రిల్ 23

ఎక్స్‌రే కోసం తెల్లటి మందు తాగించారు. సున్నపు నీళ్ళలా ఉంది. గ్లాసు నిండా. ఇదైనా కడుపు నింపుతుందా అనుకున్నాను. నింపింది.

మే 4, శనివారం

డాక్టర్ కాత్యాయని అల్లుణ్ణి తీసుకురమ్మంది. తీసుకెళ్ళలేదు. డాక్టరుగారూ, నేను లెక్కల టీచర్ని, జవాబు నాకే చెప్పండి అన్నాను. చెప్పింది. గడ్డ ఉంది. కోసి తీసే చోట లేదు. పాకింది.

ఈ తగ్గిన పౌండ్లలో నావి ఎన్ని, దానివి ఎన్ని అని అడిగాను. ఆమె రిపోర్టు మడిచి పక్కన పెట్టింది. మరి నా గుగ్గిళ్ళ సంగతేమిటి? ఆ అరుగు మీద నేను పడ్డ శ్రమ, ఆ గెలుపు, ఆ మొదటి సాయంత్రం? అవన్నీ ఎవరి ఖాతాలో రాసుకోవాలి?

నాకు రెండేళ్ళు కావాలన్నాను. రెండేళ్ళా అంది. తరవాత కిటికీ వైపు చూసింది. ఒక ఏడాది అన్నాను, బేరం ఆడినట్టు. నా చెయ్యి పట్టుకుంది.

లేచేటప్పుడు, ఇక మీకు ఏది తినాలనిపిస్తే అది తినండమ్మా అంది. జనవరి నుంచి ఈ మాట కోసమే మొహం వాచి ఉన్నాను. చివరికి ఆ మాట అంది.

మే 5

చర్చికి వెళ్ళలేదు.

మే 19

ప్రమీల పరీక్షలు అయ్యాయి. అల్సరని చెప్పాను. నమ్మిందో, నమ్మినట్టు ఉందో తెలియదు. వార్డెన్‌తో మాట్లాడాను. జూలై నుంచి ప్రమీలకు హాస్టల్లో సీటు ఇస్తామన్నారు. అక్కడ ఉంటే నేను ఉన్నా లేకున్నా పొద్దున క్లాసుకు వెళుతుంది. తండ్రి ఒప్పుకోవాలి. ఒప్పుకోడు. అమ్మమ్మకు బాగాలేదని తెలిస్తే ఆ రోజే తీసుకుపోతాడు.

జూన్ 9, ఆదివారం

రిక్షాలో లాలాగూడ వెళ్ళాను. బిగువుగా కుట్టించిన కొత్త రవిక. గాజులు తీసేసి వాచీ పెట్టుకున్నాను, పట్టీ చివరి రంధ్రానికి. మెట్లు ఆగకుండా ఎక్కాను. ఎలా ఎక్కానో దేవుడికి తెలుసు.

రత్నకుమార్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అబ్బో, అత్తయ్యగారూ, పదేళ్ళు తగ్గిపోయారండీ, ఆ డాక్టరెవరో గాని చెయ్యి మంచిది అన్నాడు. ఆవిడ కూడా వచ్చి, ఏం తింటున్నారో మాకూ చెప్పండి పిన్నిగారూ అంది. నడుము చూపించుకుంటూ నవ్వింది. పిల్లను చంకలో వేసుకుని ఉంది. మంచి మనిషే. అలసిపోయిన మనిషి. ఆమెను ద్వేషించడానికి వెళ్ళాను, కుదరలేదు.

గుగ్గిళ్ళు అని చెప్పాను. ఎలా ఉడకబెట్టాలో, మజ్జిగ ఎంత పలచగా ఉండాలో అంతా చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది.

హాస్టల్ సంగతి ఎత్తాను. నాకు పని ఎక్కువయింది, పిల్ల కళ్ళ ముందే ఉంటుంది అన్నాను. అతను ఆలోచించి, మీరు ఇంత ఆరోగ్యంగా ఉంటే నాకేం బెంగ, డిగ్రీ అయ్యేదాకా ప్రమీల జోలికి రాను, మాట ఇస్తున్నాను అన్నాడు.

జీవితంలో మొదటిసారి, తప్పని తెలిసిన లెక్కకు రైటు కొట్టాను. అవును బాబూ, చాలా బాగున్నాను అన్నాను.

ఆ మాట నేను ఉన్నంతకాలానికా, పోయాక కూడానా అని అడగలేదు. అడిగితే తెలిసిపోతుంది.

జూలై 1, సోమవారం

ప్రమీలను హాస్టల్లో దింపాను. పెట్టె మోస్తానంటే నా చేతిలోంచి లాక్కుంది. నన్ను వదిలించుకుంటున్నావు అంది. అవునన్నాను. అల్సర్‌కి ఎవరూ ఇంత చిక్కిపోరు అమ్మమ్మా, నేను సైన్స్ స్టూడెంట్‌ని అంది. అయితే సైన్స్ చదువు అన్నాను. మంచం మీద దుప్పటి పరిచి, మూలలు సరిగా మడవలేదని మళ్ళీ పరిపించాను. అది ఏడుస్తూ పరిచింది.

కింద మెస్సులో బజ్జీలు వేగుతున్నాయి. బుచ్చిరాములు వాయిలోంచి ఒకటి తీసి పెట్టాడు. పూర్తిగా తిన్నాను. ఉప్పు సరిపోయింది. లోపల ఉడికింది. పంపించమన్నాను.

జూలై 6. సాయంత్రం ఆరు.

ఇంట్లో ఎవరూ లేరు. జంతికల డబ్బా నిండుగా ఉంది. మూత తీసి ముందు పెట్టుకున్నాను. ఏడు దాకా ఎదురు చూశాను.

ఆకలి రాలేదు.