పిన్నికి నీళ్లు

చిరంజీవి తమ్ముడికి,

అక్కయ్య దీవించి రాయునది. ఇక్కడ ఆసుపత్రిలో నా మోకాలికి కట్టు కట్టి రెండు నెలలు కదలొద్దన్నారు. ఇల్లు చూడ్డానికి నువ్వొచ్చి బతికించావు. ఈ కరువులో కుళాయి రోజు విడిచి రోజు, అదీ నాలుగు బిందెలే. ఆ మొక్కలన్నీ ఎండితే ఎండనీ, పిన్నిని మాత్రం కాపాడు. అమ్మ పోతూ పోతూ నా చేతుల్లో పెట్టింది పిన్నినే. పిన్ని కూడా పోతే నాకు అమ్మ రెండోసారి పోయినట్టే. పొద్దున్నే పెరట్లో పిన్నికి నీళ్లు పొయ్యి. తల మీద వద్దు, పాదుకి పొయ్యి.

నీ అక్కయ్య

తా.క. పురుగు కనిపిస్తే వేపనూనె రాయి. చివర్లు కత్తిరించు. తాడుతో గోడకి కట్టెయ్యి, వదిలేస్తే పక్కింట్లోకి దూరుతుంది.

---

పూజ్యులైన అక్కయ్యకి,

తమ్ముడు నమస్కరించి రాయునది. ముప్ఫయ్యేళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి, నువ్వు రాసింది అక్షరం పొల్లుపోకుండా చేస్తున్నాను. పిన్ని ఎక్కడుందో కనుక్కోవడానికే మూడు రోజులు పట్టింది. మొదట ముడుచుకుపోయింది గానీ ఇప్పుడు కళొచ్చింది. నీళ్లు పోస్తుంటే మన చిన్నతనం గుర్తొస్తోంది. మనిద్దరం ఇదే పెరట్లో నీళ్లు చల్లుకుంటుంటే అమ్మ చెంబు పట్టుకుని వెంటపడేది కదా. నిన్న అది తలుచుకుని ఏడ్చాను కూడా. చివర్లు కత్తిరించబోతే పిన్ని నా చెయ్యి గీరేసింది. సాయంత్రం టీ కూడా పోస్తున్నాను.

నీ తమ్ముడు

తా.క. "పాదుకి" అని రాశావు, "పాదాలకి" అని ఉండాలి. దిద్దుకున్నాను. వేపనూనె చూపిస్తే మొహం తిప్పుకుంది. తాడు సంగతి ఎత్తడానికి ధైర్యం చాలలేదు.

---

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నువ్వూ నాలాగే పిన్నితో కబుర్లాడుతున్నావన్నమాట! చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. గోడ పక్కనే ఉన్నదాన్ని మూడు రోజులు వెతికావా? కళ్లజోడు మార్చుకో. టీలో పంచదార వెయ్యకు, చీమలు పడతాయి. నా భాష దిద్దడం మాని చెప్పింది చెయ్యి.

వానలు ఇంకో నెల ఆలస్యమని పేపర్లో రాశారు. నీళ్లు బొత్తిగా దొరక్కపోతే, నా కడుపు తరుక్కుపోతున్నా చెబుతున్నాను, పిన్నిని మోకాలెత్తున నరికెయ్యి. వేళ్లు బతికుంటే చాలు.

నీ అక్కయ్య

తా.క. కత్తి అటక మీద ఉంది. పదును పెట్టించు. ఒక్క వేటుకి తెగాలి.

---

అక్కయ్యకి,

నమస్కారాలు తర్వాత. నీకు మతిగాని పోయిందా? పదకొండేళ్లుగా పిన్నితో మాటల్లేవు నీకు. నీళ్లు పొయ్యమంటే మనసు కరిగిందనుకుని, ఊరంతా వాకబు చేసి ఆవిణ్ణి రిక్షాలో తీసుకొచ్చాను. పెరట్లో కూర్చోబెట్టి రోజూ పాదాలకి నీళ్లు పోస్తున్నాను. పంచదార మానేస్తే రెండు పూటలు అలిగింది, అదీ భరించాను. ఇప్పుడు నరకాలా? వేళ్లు మిగిలితే చాలా? కత్తి బీరువాలో పెట్టి తాళం వేశాను.

నీ తమ్ముడు

తా.క. పిన్ని ఏదో రాసి ఈ కవరులోనే పెట్టింది. నేను చదవలేదు. తప్పులుంటే నన్ననకు.

---

అమ్మాయికి,

మీ పిన్ని రాయునది. నీ తమ్ముడు మొదటి ఉత్తరం చదివి వినిపించినప్పుడే నాకు అర్థమైంది, ఈ పిన్ని నేను కాదని. ఆ గులాబీ తీగ కొమ్మ తెచ్చిచ్చింది నేనే. నాలాగే దగ్గరికెళ్తే గీరుతుందని దానికి పిన్ని అని పేరు పెట్టింది మీ అమ్మ.

అయినా నోరు మెదపలేదు. మా అక్కయ్య ఇంటికి రమ్మని పిలుపొచ్చింది, పొరపాటున వస్తే మాత్రం ఏం? పెరట్లో పీట ఆ తీగ మొదలు దగ్గరే వేయించుకున్నాను. నా కాళ్ల మీద పడ్డ ప్రతి చెంబూ పాదులోకే పోయింది. చిన్నప్పుడు ఇలాంటి ఎండాకాలంలోనే మీ అమ్మా నేనూ మొక్కల దగ్గర నిలబడి కాళ్లు కడుక్కునేవాళ్లం. మీ అమ్మ నా పాదాల మీద పోస్తూ కితకితలు పెట్టేది. నరకక్కర్లేదు తల్లీ. చిగుళ్లేసింది.

మీ అమ్మ పోయినప్పుడు నేను ఆలస్యంగా వచ్చాను. అందుకు నువ్వన్న మాట తప్పు కాదు. కానీ నాతో మాట్లాడని ఈ పదకొండేళ్లూ నువ్వు రోజూ పొద్దున్నే పిన్నీ పిన్నీ అంటూ దానికి నీళ్లు పోశావని నీ ఉత్తరం చూస్తేనే తెలిసింది. నేనిక్కడ ఉండనా, వెళ్లిపోనా? నువ్వే చెప్పు.

మీ పిన్ని

తా.క. నీ తమ్ముడికి అసలు సంగతి అప్పుడే చెప్పకు. నీళ్లు బాగా పోస్తున్నాడు.