ఒకే కడుపు, రెండు వయసులు

చిరంజీవి తమ్ముడికి, నీకంటే కాస్త ముందు ఈ లోకంలోకి దూకిన పాపానికి అన్ననైపోయినవాడు దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. ఈ ముక్క మీ వదిన పక్కన కూర్చుని రాయించింది గనక నువ్వు నమ్మకపోయినా పర్లేదు.

కాలి పుండు మానిందా అని అడిగావు. మానుతోంది, మానుతోంది, దానికీ నాలాగే పనంటే బద్ధకం. షుగరు దిగలేదు. పుచ్చిన పన్ను పీకించేశాను. నీ ఫోటో ఎందుకు పంపమన్నానని కూడా అడిగావు. ఆగు, వస్తున్నా.

మా హోటల్ లాండ్రీకి కంపెనీ ఒక డాక్టరును పంపింది. నేలమాళిగలో, బాయిలర్ పక్కన, తడి దుప్పట్ల కంపులో ఒక యంత్రం పెట్టాడాయన. దాని మీదికెక్కి, వేలికి సూది గుచ్చించుకుంటే ఒంటి వయసు చెబుతుందట. నాకు నలభై ఎనిమిదని నీకు తెలుసు. అది అరవై ఆరంది. "పెద్దాయనకి కుర్చీ వెయ్యండ్రా!" అని ఇస్త్రీ పిన్ని అరిచింది. అందరితోపాటు నేనూ నవ్వాను.

"రోజూ వాకింగ్ చెయ్యాలి. వేళకి తిని, ఎనిమిది గంటలు నిద్రపోవాలి" అన్నాడు డాక్టరు.

"వాకింగా సార్? పొద్దస్తమానం దుప్పట్ల బండి తోస్తూ నేను చేసేదేంటి, దొర్లడమా?"

"అది వ్యాయామం కింద రాదయ్యా."

"వారం పగలు, వారం రాత్రి డ్యూటీ వేస్తే ఆ నిద్ర ఎవరి జేబులోంచి తియ్యమంటారు?"

సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు. "ఒంటి వయసు అరవై దాటినవాళ్లని కంపెనీ ఉంచుకోదు. నెలాఖరుకి మళ్లీ ఎక్కిస్తాం. తగ్గించుకో."

ఛీ! మనిషిని ముసలాణ్ణి చేసేదీ వీళ్లే, ముసలాడని తరిమేదీ వీళ్లే. రాత్రి డ్యూటీలో కునుకు పట్టకుండా పాకంలాంటి టీ ఊరికే పోసి పోసి, ఇప్పుడు రక్తం తీపెక్కిందని మొహం చిట్లిస్తారు. బెల్లం పూసి ఈగను తిట్టినట్టుంది. గడ్డం గీసుకోవడానికి అద్దం ముందు నిలబడాలన్నా రోత పుడుతోంది.

మీ వదిన వంటింట్లోకి లేచి వెళ్లింది. ఇప్పుడు ఫోటో సంగతి. కవలలం కదా, బడిలో నీ దెబ్బలు నేనూ, నా దెబ్బలు నువ్వూ తిన్నాం. పోల్చుకోలేక అమ్మ ఇద్దరికీ కలిపి తగిలించేది. ఆ పాత ఎత్తే వేద్దామనుకున్నాను. నిన్ను రప్పించి, నా చొక్కా తొడిగి, నా బదులు యంత్రం ఎక్కించాలని! డ్రాయింగ్ మాస్టారివి, వేళకి తిని, చీకటి పడితే నిద్రపోయే ఒళ్లు నీది. ముందు పరీక్షగా, నేనే దిగిన ఫోటో అన్నట్టు ఫోజు కొట్టి, గేటు దగ్గర కొత్తగా చేరిన కాపలావాడికి చూపించాను.

వాడు మురిసిపోయాడు. "మీ అబ్బాయా బాబాయ్? అచ్చం మీ పోలికే!"

నవ్వుకోరా. ఎన్ని వేషాలైనా వేశాను గానీ, నా తోడబుట్టినవాడి వేషం నాకిక నప్పదు. నువ్వు కుదురుగా చదువుకున్నావు, నేను బడి గోడ దూకాను, నిజమే. గోడ దూకినందుకు బెత్తంతో కొట్టాలి గానీ, ఆయుష్షులోంచి కోసుకుంటారా?

అయినా నెలాఖరుకి రా. నా బదులు ఎక్కడానికి కాదు, నా తర్వాత ఎక్కడానికి. ఒకే కడుపున, ఒకే తెల్లవారుజామున పుట్టామని చెప్పి, మధ్యలో పోయిన ఏళ్లు ఎవరు తిన్నారో ఆ డాక్టర్నే అడుగుదాం. ఆ తర్వాత నన్ను గెంటడానికి వాళ్లకి నోరెలా వస్తుందో చూస్తాను.

ఇట్లు,
చూపులకు నీకు నాన్ననైపోయిన
నీ కవల అన్న