కొలతల పుస్తకాల పంపకం

ఆర్కన్సా రాష్ట్రం బెంటన్‌విల్‌లో కాపురముంటున్న వేములపల్లి కృష్ణకుమారి అనే నేను, అరవై మూడేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, స్థిరమైన మనసుతో, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. సూదిలో దారం ఇప్పటికీ కళ్లద్దాలు లేకుండానే ఎక్కిస్తాను. నన్నెవరెప్పుడు ఏమన్నారో తారీఖులతో సహా చెప్పగలను. కాబట్టి నా చూపు గురించి గానీ జ్ఞాపకం గురించి గానీ రేపు ఎవరూ సందేహాలు లేవనెత్తక్కర్లేదు. నాకు జబ్బేమీ లేదు. షాపు ఉంది, అది చాలు వీలునామా రాయడానికి.

దీనికి ముందు రెండు వీలునామాలు రాశాను. ఒకదాంట్లో షాపంతా మా అమ్మాయి ఉజ్వలకి, రెండోదాంట్లో షాపంతా నాతో పదకొండేళ్లుగా కుడుతున్న జయంతికి. ఆ రెండూ ఇవాళ్టితో రద్దు. మూడోదైనా కంప్యూటర్లో రాయమని ఉజ్వల ఒక ఫారం తెరిచి ఇచ్చింది. ఒక్కో గడిలో రెండు మూడు వాక్యాలకు మించి పట్టడం లేదు. అంత కుదించి చెప్పే అలవాటు నాకు లేదు కనుక కాగితం తీసుకున్నాను. లాయరుగారు ఇంగ్లీషులోకి మార్పించి టైపు చేయిస్తానన్నారు.

1. మా వారు ఫణీంద్రగారికి ఇంట్లో నా వాటా, బ్యాంకులో నా పేరున ఉన్నది, కారు. ఈ వీలునామా అమలుచేసే బాధ్యత కూడా ఆయనదే. 2013లో కుమారి టైలరింగ్ తెరుస్తానంటే “ఈ ఊళ్లో జాకెట్లు ఎవరు కుట్టించుకుంటారే, అందరూ జీన్స్ ప్యాంట్లేగా” అన్నారు. ఆ మాటని అబద్ధం చేయడానికే సగం ఓపిక వచ్చింది నాకు. గుడ్డలు కోసే నా పెద్ద కత్తెరతో ఒకసారి టీవీ వచ్చిన అట్టపెట్టె కోశారు. క్షమించేశాననే అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే తెలిసింది, లేదని. కత్తెర మాత్రం ఆయనకి ఇవ్వడం లేదు. మిగతాదంతా ప్రేమతో ఇస్తున్నాను. పన్నెండేళ్లుగా షాపు కట్టేసే వేళకి కారు తెచ్చి బయట కూర్చున్నారు. ఒక్కరోజు కూడా హారన్ కొట్టలేదు.

2. మనవరాలు తన్వికి జాకెట్టు తాళ్లకి వేలాడదీసే లటకన్లు, పూసలు, హుక్కుల డబ్బాలు అన్నీ. దానికి ఎనిమిదేళ్లు. కుట్టుపని నేర్చుకోమని ఎవరూ వెంటపడవద్దు. రంగులవారీగా సర్దుకోవడం దానికిష్టం, సర్దుకోనివ్వండి.

3. నా మొదటి కుట్టు మిషను జయంతికి. అది నా మాట వినడం మానేసి చాలాకాలమైంది, ఆమె కాలు పెడితేనే నడుస్తుంది. మా అమ్మ వాడిన ఇత్తడి అంగుస్తాను, పైన చెప్పిన కత్తెర ఉజ్వలకి. అంగుస్తాను వేలికి తొడుక్కుంటే సూది గుచ్చుకోదు. ఉజ్వలకి నా వల్ల గుచ్చుకున్నది ఒకటుంది, అది కింద రాస్తాను.

4. కొలతల పుస్తకాలు. అసలు సంగతి ఇదే.

మొత్తం పద్నాలుగు. బడులు తెరిచే ఆగస్టులో చవగ్గా వచ్చే నల్లమచ్చల అట్ట నోటుపుస్తకాలు. మొదటి మూడూ షాపు లేనప్పటివి. డిపెండెంట్ వీసా మీద వచ్చాను కనుక ఏడేళ్లు సంపాదించే హక్కు లేదు. తెలిసినవాళ్లకి ఊరికే కుట్టి ఇస్తూ, కొలతలు రాసుకుంటూ, చీరాలలో నేర్చుకున్న పని చేతి నుంచి జారిపోకుండా చూసుకున్నాను. గ్రీన్‌కార్డు వచ్చేనాటికి చేతిలో పనీ ఉంది, పుస్తకంలో మనుషులూ ఉన్నారు.

ఆరు వందల పన్నెండు మంది ఆడవాళ్లు, తలా ఒక పేజీ. పేజీ పైభాగంలో భుజం, చేయి, నడుము, మెడ లోతు. కిందిభాగంలో తెర వెనక టేపు పట్టుకున్నప్పుడు వాళ్లు చెప్పినవి. ఒంటికి టేపు చుట్టేసరికి ఎందుకో గానీ ఆడవాళ్లు మాట్లాడతారు. డాక్టరుకి చెప్పనివి, మొగుడికి చెప్పనివి చెబుతారు. అవన్నీ మాటల్లో రాయడం బాగుండదని గుర్తులు పెట్టుకున్నాను. చుక్క పెడితే చేయి దగ్గర అరంగుళం వదులు. ముక్కోణం ఉంటే ఎడమ పక్కన మెత్త పెట్టాలి, ఎందుకని అడగకూడదు. అడ్డగీత ఉన్న మనిషిని అద్దం ముందు ఎక్కువసేపు నిలబెట్టకూడదు.

ఈ గుర్తులు ఎవరికీ చెప్పకపోవడం నా తప్పు. 2022 ఫిబ్రవరిలో ఆపరేషనై పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండిపోయాను. ఒక పెళ్లివారివి తొమ్మిది జాకెట్లు. నా రాత కొరుకుడు పడక జయంతి ఆ చుక్కని కలం జారిన మచ్చ అనుకుంది. పెళ్లికూతురికి చేతులు పట్టలేదు. ఆ పిల్ల వాళ్ల అక్క జాకెట్టు వేసుకుని, వీపు వెనక పిన్నీసులతో పీటల మీద కూర్చుంది. ఫొటోల కోసం వెనక్కి తిరగనేలేదట. కాగితం చాలు, కాగితమే నమ్మకం అని ఇన్నేళ్లూ చెప్పినదాన్ని, ఆ ఫొటోలు చూశాక ఆ మాట అనడం మానేశాను.

మరుసటేడు ఉజ్వలకి లేఆఫ్ వచ్చింది. ఇంట్లో కూర్చోవడం చేతకాని మనిషి, షాపుకి వచ్చింది. ట్యాబ్లెట్‌లో ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టింది. ఎవరి జాకెట్టు ఎప్పటికి ఇవ్వాలో అదే గుర్తుచేస్తుంది, తయారయ్యాక వాళ్లకి అదే మెసేజ్ పంపుతుంది. ఆ పెళ్లిళ్ల సీజన్‌లో ఒక్క జాకెట్టు ఆలస్యం కాలేదు. నిజం నిజమే చెప్పాలి, ఇన్నేళ్లలో నేను ఆ పని చేయలేకపోయాను.

2024 మే నెలలో జరిగింది ఇక్కడ రాస్తున్నాను, పేరు రాయను. నెల తప్పిన ఒకమ్మాయి జాకెట్లకి వచ్చింది. అంతకు ముందు ఒకటి పోయింది కనుక ఈసారి ఐదో నెల దాటేదాకా ఎవరికీ చెప్పదలచుకోలేదు. నాకు చెప్పింది, నడుము దగ్గర గుడ్డ వదలాలి కాబట్టి. నేను పుస్తకంలో గుర్తు పెట్టుకున్నాను. ఆ వారమే పేజీలన్నీ ట్యాబ్లెట్‌లోకి ఎక్కిస్తున్నాం. నేను చదువుతుంటే ఉజ్వల టైపు చేస్తోంది. ఆ పేజీ రాగానే గుర్తుని తెలుగు చేసి చదివేశాను, “నాలుగో నెల, నడుము రెండంగుళాలు వదలాలి” అని. ఉజ్వల విన్నది విన్నట్టు కొట్టింది. జాకెట్లు తయారయ్యాక సాఫ్ట్‌వేర్ ఆ వాక్యంతో సహా మెసేజ్ పంపింది. ఆ ఇంట్లో ఆర్డర్లన్నీ అత్తగారి నంబరు మీద ఉన్నాయి.

ఆ అమ్మాయి షాపుకి వచ్చి ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను. జయంతి ఉజ్వల వైపు తిరిగి “ముందే చెప్పిన గదా, ఆడోళ్ల ముచ్చట్లు గా పలక మీద ఎక్కియ్యొద్దని” అంది. ఉజ్వల “అది జస్ట్ ఒక సెట్టింగ్ ఆంటీ, ఫిక్స్ చేస్తాను. నోట్‌బుక్‌ని నమ్మి పెళ్లికూతురికి ఏం చేశారో నాకూ గుర్తుంది” అంది. జయంతి మనసులో ఆ మాట ముల్లులా దిగింది. చదివి వినిపించింది నేనని, రహస్యం బయటపెట్టింది నా నోరేనని ఆ క్షణాన చెప్పాల్సింది. చెప్పలేదు. ఏడాదిన్నరగా నిందంతా ఉజ్వలే మోస్తోంది. ఉజ్వలా, తప్పు నాది. ముఖాముఖి చెప్పడానికి ధైర్యం చాల్లేదు, అందుకే లాయరు చదివే కాగితంలో రాస్తున్నాను.

అప్పటి నుంచి ఒకే షాపులో రెండు షాపులు నడుస్తున్నాయి. వచ్చిన మనిషికి ఉజ్వల కొలత తీసి ట్యాబ్లెట్‌లో పెడుతుంది. వెనకాలే జయంతి వెళ్లి మళ్లీ కొలిచి పుస్తకంలో రాస్తుంది. ఒకే నడుముకి రెండు కొలతలు, రెంటికీ పావంగుళం తేడా. “ఈ గ్యాప్‌లో నేను లావెక్కానా ఆంటీ?” అని ఒకామె అడిగింది కూడా. నేను పోయాక పుస్తకాలు ఉంటే తను ఉండనని ఒకరు, ట్యాబ్లెట్ ఉంటే తను జార్జియా రాష్ట్రం అల్ఫారెట్టాలో ఉండే చెల్లెలి దగ్గరికి పోతానని ఒకరు. ఎవరికి రాసినా రెండోవారు వెళ్లిపోతారు. ఒక్కరితో నడిచే షాపు కాదిది. ఉజ్వలకి కత్తిరింపు రాదు. జయంతికి పదిమంది ఆర్డర్లు గుర్తుండవు. నా భయమంతా ఇదే, నాతోపాటు షాపు కూడా పోతుందని.

గత నెలలో ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది, చంకలో పదకొండు నెలల పాపతో. జాకెట్లు వదులు చేయించుకోవడానికి. ఇద్దరూ టేపులు పట్టుకుని తయారయ్యారు. ఇద్దర్నీ చూసి, నన్ను చూసి, “ఆంటీ, ఆ పేజీ నా గురించే కదా? ఎక్కడ పెట్టాలో నన్నెవరూ అడగలేదే” అంది. కోపంగా కాదు, మామూలుగానే అడిగింది. పద్నాలుగు పుస్తకాలు నావనుకున్నాను. ఉజ్వల తనవవుతాయనుకుంది, జయంతి తను కాపాడుతున్నాననుకుంది. ఆ పుస్తకాల్లో నాదంటూ ఉన్నది సిరా ఒక్కటే.

కాబట్టి పై పుస్తకాలు ఉజ్వలకీ ఇవ్వడం లేదు, జయంతికీ ఇవ్వడం లేదు. ఏ పేజీ ఏ ఆడమనిషిదో ఆ మనిషికే రాసి ఇస్తున్నాను. ఆరు వందల పన్నెండు మందీ ఈ వీలునామాకి వారసులు.

5. పంపకం చేసే పద్ధతి. ఒక్కొక్కరికీ ఫోన్ చేయాలి. జయంతి పుస్తకం తీసి పేజీ చదవాలి. నా గుర్తులన్నిటికీ అర్థాలు వేరే కాగితం మీద రాసి జత చేశాను, అది జయంతి దగ్గరే ఉండాలి. ఉజ్వల ట్యాబ్లెట్ పట్టుకుని పక్కన కూర్చోవాలి. ఏది ట్యాబ్లెట్‌లోకి ఎక్కించమంటారు, ఏది కాగితం మీదే ఉంచమంటారు, ఏది చించి ఇమ్మంటారు అని ఆవిడనే అడగాలి. ఏం చెబితే అది చేయాలి. ఆ ఆడమనిషి బతికి లేకపోతే, కూతుర్ని కూడా అడగొద్దు, ఆ పేజీ కాల్చేయండి.

6. షాపు, మిషన్లు, పేరు ఉజ్వలకీ జయంతికీ చెరిసగం. ఆరు వందల పన్నెండు పేజీలూ పంచడం పూర్తయ్యేదాకా షాపు అమ్మడానికి, విడగొట్టుకోవడానికి వీల్లేదు. ఒక పేజీ ఒక్కరే పంచితే చెల్లదు, ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. ఇది కోరిక కాదు, షరతు. కాగితమా కంప్యూటరా అని షాపు పెట్టుకునే ప్రతి ఒక్కరూ నన్ను అడుగుతారు. తారీఖులు మర్చిపోని దానికి తారీఖులు ఇవ్వండి, నోరు విప్పని దానికి రహస్యాలు ఇవ్వండి. ఏది ఏమిటో తెలియకపోతే ఎవరి రహస్యమో వాళ్లనే అడగండి. ఇంతకు మించి నాకు తెలియదు.

7. ఈ అంశం నిన్న చేర్చాను. షరతు రాసి మా వారికి చదివి వినిపించాక, నేను చచ్చేదాకా ఎందుకు ఆగాలని తోచి, పోయిన శనివారం ఇద్దర్నీ కూర్చోబెట్టాను. గంటసేపు ఎవరూ ఎవరి మొహం చూడలేదు. మొదటి ఫోన్ పక్క ఊరు రోజర్స్‌లో ఉండే ఒకావిడకి. “నా గురించి ఏం రాసుకున్నావే కృష్ణా, చదివించు” అంది. జయంతి పేజీ తీసి చదవబోయి ఆగిపోయింది. అక్కడ ముక్కోణం ఉంది. ట్యాబ్లెట్ వైపు చూడకుండా, “ఉజ్వలా, జర ఫోన్ స్పీకర్ బంద్ చెయ్ బిడ్డా” అంది. ఉజ్వల స్పీకర్ తీసేసి, ట్యాబ్లెట్ బోర్లా పెట్టి, జయంతికి ఫోన్ ఇచ్చి, లేచి బయటికి వెళ్లి నిలబడింది. ఏడాదిన్నర తర్వాత ఒకరి మాట ఒకరు విన్నారు. ఆవిడ పేజీ ఆవిడకి పోస్టులో వెళ్లింది.

ఇప్పటికి పందొమ్మిది పేజీలయ్యాయి. ఈ వీలునామా అమలు కావడానికి నేను చావనవసరం లేదని తేలిపోయింది. ఆరు వందల పన్నెండో పేజీ దాకా చూసి మరీ వెళ్లాలనుకుంటున్నాను.

వాటా ఉన్నవాళ్లు సాక్షి సంతకం చేయకపోవడం మంచిదని లాయరుగారన్నారు. ఊళ్లో నాకు తెలిసిన ప్రతి ఆడమనిషికీ ఇందులో ఒక పేజీ ఉంది. ఎవర్ని అడిగినా “నేను వారసురాలిని కదా” అని నవ్వారు. అందుకని నా దగ్గర ఎన్నడూ కొలతలివ్వని ఇద్దరు మగవాళ్లతో సంతకాలు చేయిస్తున్నాను.

బెంటన్‌విల్, 2025 నవంబరు 15.

(సంతకం) వేములపల్లి కృష్ణకుమారి

సాక్షులు:
1. కోటేశ్వరరావు, మా వారితో రోజూ వాకింగ్‌కి వెళ్లే స్నేహితుడు. మొత్తం చదివి సంతకం చేశారు. ఇంటికి వెళ్లి భార్యని ఆవిడ పేజీ గురించి అడగనని మాటిచ్చారు.
2. డేల్ హార్పర్, షాపు పక్కన మంగలి షాపు యజమాని. తెలుగు రాదు. అంతా చెబితే విని, తన కస్టమర్లు చెప్పినవి కూడా ఇలాగే రాసుకోవాల్సిందని అన్నాడు.